పాలీ డోసు పెంచినకొద్దీ నీళ్లు పాలలా మారుతున్నాయి, ఎందుకు?

ఈటీపీ_షిఫ్టు
జీడిమెట్లలో గోడలకు వేసే నీటి రంగులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఈటీపీ) నా బాధ్యత. మిక్సర్లు, డ్రమ్ములు కడిగిన నీళ్లు రోజుకు సుమారు 20 వేల లీటర్లు వస్తాయి. పద్ధతి మామూలే. పీహెచ్ సరిచేసి, లీటరుకు 300 మిల్లీగ్రాముల పీఏసీ (పాలీ అల్యూమినియం క్లోరైడ్, ధనావేశపు అల్యూమినియం మందు) వేసి గట్టిగా కలుపుతాం. తర్వాత ఋణావేశపు పాలీ (కణాలను కలిపే పొడవైన గొలుసు పాలిమర్, పాలీఅక్రిలమైడ్) 2 మిల్లీగ్రాములు వేసి నెమ్మదిగా తిప్పుతాం. మూడేళ్లుగా క్లారిఫైయర్ (మడ్డి అడుగుకు దిగే ట్యాంకు) పైన నీళ్లు 10 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే ప్రమాణం) దాటలేదు.

రెండు వారాలుగా అంతా తారుమారైంది. పై నీళ్లు 150 కంటే దిగడం లేదు. మందు సరఫరా చేసే ఆయనకు ఫోను చేస్తే పాలీ పెంచమన్నాడు. 2 నుంచి 4 చేశాను, తర్వాత 6, ఇప్పుడు 8. పెంచిన ప్రతిసారీ మరింత తెల్లబడుతోంది. వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా ఉంది. ఫిల్టర్ ప్రెస్ గుడ్డలు పూడుకుపోతున్నాయి. ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపిన రెండు ట్యాంకర్లు వెనక్కి వచ్చాయి. ఎక్కువ మందు వేస్తే ఎక్కువ తేటపడాలి కదా? ఎక్కడ పొరపాటు పడుతున్నానో చెప్పండి.

బీకరు
జారుడుగా ఉందన్న ఒక్క మాటతోనే సగం తెలిసిపోయింది. కణాలకు అంటుకోని పాలీ నీళ్లలో మిగిలిపోతోంది. తగ్గించండి.

రంగులబుట్ట
తగ్గిస్తే ఇంకా పాడవుతుంది. వర్షాలు మొదలయ్యాయి, షెడ్డు నుంచి మట్టి కొట్టుకొచ్చి కలుస్తుంటుంది. కణాలు పెరిగితే మందు పెరగాల్సిందే. మా దగ్గర ప్రతి జులైలోనూ పెంచుతాం.

తార్నాక_ల్యాబు
పొడవైన పాలిమర్ గొలుసు కణం మీద వాలినప్పుడు మొత్తం అతుక్కోదు. కొంత భాగం ఉపరితలానికి అంటుకుని ఉంటుంది, కొంత వంకీలుగా పైకి లేస్తుంది, రెండు కొసలూ తోకల్లా నీళ్లలోకి వేలాడతాయి. ఆ వంకీలు, తోకలు పక్క కణం మీద ఖాళీ చోటు వెతుక్కుని అక్కడ అంటుకుంటేనే రెండు కణాల మధ్య వంతెన పడుతుంది. అలా వందల కణాలు కలిస్తే మనకు కనిపించే దూదిపింజ, అదే ఫ్లాక్.

అంటే వంతెనకు రెండు వస్తువులు కావాలి, ఒక కణం మీద చాచిన చెయ్యి, ఇంకో కణం మీద ఖాళీ చోటు. పాలీ మరీ తక్కువైతే చేతులుండవు. మరీ ఎక్కువైతే ప్రతి కణమూ నిండా కప్పుకుపోయి ఖాళీ చోటు మిగలదు. పైగా కప్పుకున్న రెండు కణాలు దగ్గరికి వస్తే గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉపరితలం దాదాపు సగం నిండినప్పుడు ఫ్లాక్‌లు బాగా కడతాయని 1963లో లా మెర్, హీలీ వివరించారు. ఎంత నిండితే అన్ని చేతులు, ఎంత ఖాళీ ఉంటే అన్ని చోట్లు. ఈ రెండింటి గుణకారం సగం దగ్గరే గరిష్ఠం. అన్ని పదార్థాలకూ కచ్చితంగా సగమే అని కాదు, చాలాసార్లు ఇంకా తక్కువకే పని జరుగుతుంది. కానీ మోతాదు దాటితే నీళ్లు మళ్లీ కలకబారడం మాత్రం ఖాయం.

ఈటీపీ_షిఫ్టు
మేడం, సగం మాట బాగా అర్థమైంది. కానీ మొదట 2 దగ్గరే పాడైంది కదా. మూడేళ్లు పనిచేసిన 2 ఇప్పుడు ఎందుకు పనిచేయలేదు? పెంచడం తప్పయితే, పెంచక ముందు జరిగిన తప్పు ఏమిటి?

రంగులబుట్ట
నేను అన్నది అదే. అసలు జబ్బు డోసు కంటే ముందే ఉంది.

పాతఫిల్టరు
నగరానికి తాగునీరు శుద్ధి చేసే పనిలో ముప్పై ఏళ్లు ఉండి రిటైరయ్యాను. ఫోనులో డోసు చెప్పే మనిషిని ఎప్పుడూ నమ్మలేదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. వానాకాలం మొదటి వరద వచ్చిన రోజు పొద్దున పనిచేసిన పటిక మోతాదు సాయంత్రానికి పనిచేయదు. ఆ రోజుల్లో రెండు గంటలకోసారి జార్ టెస్టు, అంటే గ్లాసుల్లో వేర్వేరు మోతాదులు వేసి చూసే పరీక్ష, చేసేవాళ్లం.

ఆరు గ్లాసులు పెట్టండి. ఒక్కో లీటరు మీ నీళ్లు. పీఏసీ వేసి ఒక నిమిషం వేగంగా తిప్పండి, వంద చుట్లకు తగ్గకుండా. పాలీ వేశాక పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నిమిషానికి ముప్పై చుట్ల లోపు. తర్వాత అరగంట కదపకుండా వదిలేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పీఏసీ, పాలీ రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ప్రతి గ్లాసులోనూ చివర పీహెచ్ రాసుకోండి, చాలామంది వదిలేసేది అదే.

గోడరంగు_కెమిస్టు
ఇరవై ఏళ్లుగా రంగుల తయారీలో ఉన్నాను. ఈటీపీ వాళ్లు మా విభాగాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎవరూ అడగరు. ఈ నెలలో ఫార్ములా ఏమైనా మారిందా?

ఎందుకు అడుగుతున్నానంటే, రంగు డబ్బాలో పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) అడుగుకు దిగకుండా మేమే ఒక ఆవేశమున్న పాలిమర్ వేస్తాం. సోడియం పాలీఅక్రిలేట్. మీరు కణాలను కలపడానికి వేసే పాలీకి అది దగ్గరి చుట్టమే. మాది కొన్ని వేల అణుభారం ఉన్న పొట్టి గొలుసు, మీది కోటి, రెండు కోట్ల అణుభారం ఉన్న పొడవాటి గొలుసు. మాది పూర్తిగా చాపినా పదిహేను నానోమీటర్లు దాటదు. కోటి అణుభారపు గొలుసు చాపితే 35 మైక్రోమీటర్లు, అంటే పిగ్మెంటు కణానికి వంద రెట్లకు పైన. నీళ్లలో అది ఉండచుట్టుకుని ఉంటుంది, అయినా దాని ఉండే కణమంత ఉంటుంది. పొట్టిది కణాన్ని కప్పి ఋణావేశం ఇచ్చి విడదీస్తుంది, పొడవైనది కలుపుతుంది. ఏది ఎంత కలిసిందన్నదాన్ని బట్టి నీళ్లు తేటపడతాయో లేదో తేలుతుంది.

ఈటీపీ_షిఫ్టు
ఇప్పుడే ఉత్పత్తి విభాగంలో అడిగి వచ్చాను. ఈ నెల మొదటి నుంచి బయటి గోడలకు కొత్త రంగు మొదలుపెట్టారు. అందులో కొల్లాయిడల్ సిలికా (నీళ్లలో తేలియాడే అతి సన్నని సిలికా కణాలు) వాడుతున్నారు, 10 నానోమీటర్ల రకం. దుమ్ము అంటకుండా ఉండటానికట. నాకు ఎవరూ చెప్పలేదు.

గోడరంగు_కెమిస్టు
అదే అసలు సంగతి.

తార్నాక_ల్యాబు
ఇక్కడ లెక్క వేయాల్సిందే. బరువును కాదు, ఉపరితలాన్ని చూడాలి. 200 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్ (తెల్ల పిగ్మెంటు) ఒక గ్రాము తీసుకుంటే దాని మొత్తం ఉపరితలం సుమారు 7 చదరపు మీటర్లు. 10 నానోమీటర్ల సిలికా ఒక గ్రాముకు సుమారు 270 చదరపు మీటర్లు. మన ఊరి లెక్కలో మొదటిది ఎనిమిది గజాల గది, రెండోది 320 గజాల ప్లాటు.

మీ కడుగు నీళ్లలో లీటరుకు రెండు గ్రాముల పిగ్మెంటు, అర గ్రాము సిలికా ఉన్నాయనుకోండి. పిగ్మెంటు ఉపరితలం 14 చదరపు మీటర్లు, సిలికాది 135. కంటికి కనిపించే తెలుపంతా పిగ్మెంటుది, మందు తినేసేది మాత్రం కనిపించని సిలికా. మామూలు పీహెచ్‌లో సిలికా గట్టి ఋణావేశంతో ఉంటుంది. మీరు వేసే పీఏసీలోని ధనావేశపు అల్యూమినియం గుంపులు ముందుగా దాని మీదికే పోతాయి. వాటిలో ఒక రకం గుంపులో 13 అల్యూమినియం పరమాణువులు, 7 ధనావేశాలు ఉంటాయి. సిలికా వాటిని లాగేసుకుంటే పిగ్మెంటు దాకా చేరేది ఏమీ ఉండదు.

కాబట్టి బీకరు గారు, రంగులబుట్ట గారు ఇద్దరూ చెప్పింది నిజమే. కొరత ఉంది, కానీ అది పీఏసీ కొరత. మిగులూ ఉంది, అది పాలీ మిగులు. రోగం ఒక చోట ఉంటే మందు ఇంకో చోట పెరిగింది.

రంగులబుట్ట
సిలికా సంగతి నాకు తెలియదు. పెంచమన్న మాటను పాలీ విషయంలో వెనక్కి తీసుకుంటున్నాను.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
నాకొక సందేహం. కణాలు ఋణావేశం, పాలీ కూడా ఋణావేశం. ఒకే ఆవేశాలు నెట్టుకోవాలి కదా, అసలు ఎలా అంటుకుంటాయి?

తార్నాక_ల్యాబు
మంచి ప్రశ్న. ఉత్త నీళ్లలో, ఉత్త సిలికా మీద ఋణావేశపు పాలీ నిజంగానే సరిగా అంటుకోదు. మధ్యవర్తి కావాలి. ఇక్కడ మధ్యవర్తి పీఏసీ. అది కణం మీద ధనావేశపు మచ్చలు పెడుతుంది, పాలీ వాటిని పట్టుకుంటుంది. కాల్షియం కూడా ఒక చేత్తో కణాన్ని, ఇంకో చేత్తో గొలుసును పట్టుకుని ఆ పని కొంత చేస్తుంది.

ధనావేశపు గొలుసు ఋణావేశపు ఉపరితలం మీద వాలడం గురించి ఒక అపోహ ఉంది. రెండు ఆవేశాల ఆకర్షణ ఒక్కటే కారణం అనుకుంటారు. గొలుసు పొడవునా దాని ఆవేశానికి జతగా చిన్న అయాన్లు కాపలా ఉంటాయి. ఉపరితలం దగ్గర కూడా అంతే. గొలుసు, ఉపరితలం ఒకదానికొకటి జత కుదిరాయంటే ఆ చిన్న అయాన్లన్నీ కట్టు తెంచుకుని నీళ్లలో స్వేచ్ఛగా తిరుగుతాయి. ఒక గొలుసు వాలితే వేల అయాన్లకు విడుదల. ఆ స్వేచ్ఛ వల్ల వచ్చే లాభం, అంటే ఎంట్రోపీ లాభం, చాలా పెద్దది. ఒకసారి వాలిన గొలుసు నీళ్లు కలిపి పలచన చేసినా ఊడిరాదు. ఊడాలంటే వేల అతుకులు ఒకేసారి వీడాలి. డోసు ఎక్కువైపోయిన ట్యాంకులో మంచినీళ్లు పోసి సరిచేయలేకపోవడానికి కారణం ఇదే.

మూసీ_ఒడ్డు
కాల్షియం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వానలు మొదలయ్యాక కడగడానికి ఏ నీళ్లు వాడుతున్నారు? మా యూనిట్‌లో బోరు నీళ్లు బండలా గట్టివి. వాన నీళ్లు పట్టి వాడినప్పుడు ఫ్లాక్‌లు చిన్నవిగా వస్తాయి.

ఈటీపీ_షిఫ్టు
నిజమే, జూన్ చివరి నుంచి రేకుల మీది వాన నీళ్లు సంపులో పట్టి వాడుతున్నాం. అది కూడా జార్ టెస్టులో చూస్తాను. ఒక వరసలో కొంచెం కాల్షియం క్లోరైడ్ వేస్తాను.

చిల్లగింజ
మీ ప్లాంటుకు పనికిరాదు కానీ చెప్పకుండా ఉండలేను. మా అమ్మమ్మ ఊళ్లో చెరువు నీళ్లు తాగేవాళ్లు. రాతి మీద చిల్లగింజను నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని కడవలో కలిపేది. పొద్దుటికి మడ్డి అడుగున, తేట పైన. ఎంత అరగదీయాలో ఆమెకు చేతికి తెలుసు. ఎక్కువైతే నీళ్లు జిగటగా ఉంటాయని మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు తార్నాక_ల్యాబు గారు రాసింది చదువుతుంటే అదే మాట వినిపించింది.

బీకరు
సంస్కృతంలో ఆ గింజ పేరు కతకం. కతకం పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేటపడవు, గింజ వేయాల్సిందే అని ఒక పాత శ్లోకం కూడా ఉంది.

తార్నాక_ల్యాబు
చిల్లగింజలో పొడవైన చక్కెర గొలుసులుంటాయి, వంతెన పని వాటిది. మునగ గింజ కథ వేరు. దానిలో పనిచేసేది ఒక చిన్న ప్రొటీను, దానికి ధనావేశం చాలా ఎక్కువ. మట్టి కణం మీద అక్కడక్కడ ధనావేశపు మచ్చలు పెడుతుంది. పక్క కణం మీది ఋణావేశపు చోటుకు ఆ మచ్చ ఎదురైతే రెండూ అతుక్కుంటాయి. పొట్టిగా, దట్టమైన ఆవేశంతో ఉన్న పాలిమర్లు వంతెన వేయలేకపోయినా ఇలా మచ్చలతో పనిచేస్తాయని 1973లో జాన్ గ్రెగరీ లేటెక్స్ కణాల మీద చూపించారు. సూడాన్‌లో నైలు నది నీళ్లను ఆడవాళ్లు మునగ గింజలతోనే తేటపరచుకునేవారు.

పచ్చదనం
అయితే ఈ రసాయనాలన్నీ వదిలేసి గింజలే వాడవచ్చు కదా?

పాతఫిల్టరు
ఇంట్లో కడవకు వాడవచ్చు. నగరానికి కష్టం. గింజ పొడి వేస్తే పనిచేసే ప్రొటీనుతో పాటు మిగతా పిండి, నూనె కూడా నీళ్లలో కలుస్తాయి. ఒక రోజు నిల్వ ఉంటే వాసన, సూక్ష్మజీవులు. నాకు ఆ గింజల మీద గౌరవం ఉంది, అందుకే వాటికి మించిన బరువు మోపకూడదంటాను. వాడినవాళ్లు ఆ నీళ్లను మరిగించుకుని తాగాలి. తేటగా కనిపించే నీళ్లన్నీ తాగదగ్గవి కావు.

ఈటీపీ_షిఫ్టు
జార్ టెస్టు పూర్తయింది. వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికివస్తుంది.

మొదటి వరస, పాలీ అన్నింటిలో 2. పీఏసీ 300 వేసిన గ్లాసు పాలే. 500 కొంచెం పలచబడింది. 700లో ఇసుక రవ్వల్లాంటి ఫ్లాక్‌లు కనిపించాయి. 900, 1100 రెండింటిలో పెద్ద పింజలు, పైన తేట. 1300లో మళ్లీ మసక, పీహెచ్ 5.8కి పడిపోయింది.

రెండో వరస, పీఏసీ 900 ఉంచి పాలీ మార్చాను. అర మిల్లీగ్రాముకు ఫ్లాక్‌లు చిన్నవి. 1, 1.5 చాలా బాగున్నాయి. 2 కూడా ఫరవాలేదు. 4లో మసక మొదలైంది. 8లో పెద్ద పెద్ద జిగురు ముద్దలు తెడ్డుకు చుట్టుకున్నాయి, మిగిలిన నీళ్లు తెల్లగానే ఉన్నాయి.

కాల్షియం వరసలో, పీఏసీ 300 దగ్గర కొంచెం తేడా వచ్చింది, 900 దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు.

బీకరు
1.5! మొదట వాడిన 2 కంటే తక్కువ. మీ మేనేజరుకు ఈ కాగితం చూపించండి.

గోడరంగు_కెమిస్టు
1300లో మసకకు కారణం పీహెచ్. ఆమ్లం పెరిగితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ సరిగా అవక్షేపం కాదు. సున్నం వేసి 7కి తెస్తే తేటపడుతుంది.

తార్నాక_ల్యాబు
అది ఒక్కటే అని నేననుకోను. ఋణావేశం పూర్తిగా తీరిపోయి, ఇంకా ఎక్కువ అల్యూమినియం అంటుకుని కణాలన్నీ ధనావేశానికి తిరిగి ఉండవచ్చు. ఉపరితలం తనకు కావలసినంత దగ్గర ఆగదు, దాటి వెళ్తుంది. ధనావేశపు గొలుసు ఒక పొర, ఋణావేశపు గొలుసు ఒక పొర అలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే పూతలు ఈ దాటిపోయే గుణం మీదే ఆధారపడి తయారవుతాయి.

కణాల ఆవేశాన్ని కొలిచే జీటా మీటరు లేకుండా తెలుసుకునే దారి ఉంది. 1300 గ్లాసు పైని మసక నీళ్లు రెండు చిన్న గ్లాసుల్లో తీసుకోండి. ఒకదానిలో ఒక చుక్క పీఏసీ, ఇంకోదానిలో ఒక చుక్క ఋణావేశపు పాలీ. ఏ చుక్కకు తేటపడితే దానికి వ్యతిరేక ఆవేశం నీళ్లలోని కణాల మీద మిగిలి ఉన్నట్టు.

ఈటీపీ_షిఫ్టు
చేశాను. పాలీ చుక్క వేసిన గ్లాసు తేటపడింది. సున్నం వేసి పీహెచ్ 7కి తెచ్చిన ఇంకో గ్లాసు కూడా చాలావరకు తేటపడింది.

గోడరంగు_కెమిస్టు
అయితే రెండూ ఉన్నాయి. పీహెచ్ పెరిగితే ఆ అల్యూమినియం ధనావేశమూ తగ్గుతుంది కాబట్టి ఒకదాని నుంచి ఒకటి విడదీయడం కష్టమే. మేడం మాట ఒప్పుకుంటున్నాను. ఈ చుక్కల పరీక్ష మా ల్యాబులో కూడా పెడతాను.

బంగారు_ద్రావణం
జీనోమ్ వ్యాలీ వైపు పరీక్ష కిట్లు తయారుచేసే చోట పనిచేస్తాను. మీరు కణాలు కలవాలని తపన పడుతున్నారు, మేము కలవకూడదని. కిట్టులో కనిపించే ఎర్ర గీత బంగారు నానో కణాలది. వాటి మీద యాంటీబాడీ అంటుకునేలా చేస్తాం. సరిపడా అంటుకుందో లేదో చూడటానికి ఉప్పు నీళ్లు కలుపుతాం. పూత సరిపోకపోతే కణాలు గుమిగూడి ఎరుపు కాస్తా నీలమవుతుంది. సరిపోతే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది.

ఇది కొత్త విషయం కాదు. 1857లోనే ఫారడే బంగారు ద్రావణం ఉప్పుతో నీలమవడం, కొంచెం జెల్లీ ఉంటే ఆ మార్పు ఆగిపోవడం గమనించాడు. జెలటిన్ లాంటివాటి కాపాడే శక్తిని జిగ్మాండీ తర్వాత బంగారు సంఖ్య పేరుతో కొలిచాడు, ఆయనకు 1925 రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. మరీ తక్కువ జెలటిన్ వేస్తే మాత్రం కాపాడకపోగా ఉప్పుకు మరింత తొందరగా లొంగేలా చేస్తుంది. సగం కప్పిన ఉపరితలం అక్కడ మాకు శత్రువు, ఇక్కడ మీకు మిత్రుడు.

గుజ్జు_కాగితం
నానో కణాలంటే అన్నిచోట్లా తలనొప్పే అనుకోకండి. కాగితం తయారీలో వాటిని కావాలనే వేస్తారు. ముందు ధనావేశపు గంజి పిండి గానీ పాలీ గానీ వేసి గుజ్జును ఫ్లాక్‌లుగా కడతారు. యంత్రంలో అవి చితికిపోతాయి. జల్లెడకు కాస్త ముందు ఋణావేశపు సిలికా నానో కణాలో బెంటొనైట్ బంకమట్టో వేస్తే, చితికిన ముక్కల మీది గొలుసులను ఈ చిన్న కణాలు పట్టుకుని మళ్లీ చిన్నగా, గట్టిగా కలుపుతాయి. నీళ్లు త్వరగా దిగిపోతాయి, కాగితం సమంగా వస్తుంది. 1980ల నుంచి ఇది మిల్లుల్లో నడుస్తున్న పద్ధతి.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
అంటే అదే సిలికా ఒక చోట కలుపుతుంది, ఒక చోట మందు తినేస్తుందా?

గుజ్జు_కాగితం
ఏది ముందు, ఏది వెనుక అన్నదే తేడా. గొలుసు ముందు కణం మీద కుదురుకున్నాక సిలికా వస్తే కలుపుతుంది. సిలికా ముందే ఉంటే మీరు వేసిందంతా దానికే నైవేద్యం.

తార్నాక_ల్యాబు
మూడో పాత్ర కూడా ఉంది. 2001లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లూయిస్ బృందం, ఆవేశం దాదాపు లేని పెద్ద సిలికా గోళాల చుట్టూ గట్టి ఆవేశమున్న జిర్కోనియా నానో కణాలు పరివేషంలా చేరి, గోళాలను కలవనీయకుండా చేయడం చూపించింది. గట్టిగా అంటుకోకుండా చుట్టూ నిలిచినా చాలు, పెద్దవి విడిగా ఉంటాయి. నానో కణాలు ఇంకా ఎక్కువైతే పెద్దవి మళ్లీ గుమిగూడుతాయి. తక్కువ, సరిపడా, ఎక్కువ మూడు చోట్లా మూడు ప్రవర్తనలు.

ఈటీపీ_షిఫ్టు
నిన్నటి నుంచి ప్లాంటులో పీఏసీ 900, పాలీ 1.5 వేస్తున్నాను. 150 నుంచి 40 ఎన్‌టీయూకి దిగింది. సంతోషమే, కానీ గ్లాసులో 6 వచ్చింది. అదే నీళ్లు, అదే మందు. ప్లాంటులో 40 ఎందుకు?

పాతఫిల్టరు
గ్లాసులో లేనిది, ప్లాంటులో ఉన్నది ఏమిటో చూడండి. పాలీ కలిపే ట్యాంకు నుంచి క్లారిఫైయర్ దాకా దారి మొత్తం రాయండి. ఏ పంపు, ఎన్ని చుట్లు, ఎక్కడ వేస్తున్నారు.

ఈటీపీ_షిఫ్టు
పాలీ పొడిని 0.1 శాతంగా కలుపుతాం. మిక్సరు నిమిషానికి 1440 చుట్లది, షిఫ్టంతా తిరుగుతూనే ఉంటుంది. పాలీ పడేది ఫ్లాష్ మిక్సరులో, అంటే మందును వేగంగా కలిపే తొట్టిలో. అక్కడి నుంచి సెంట్రిఫ్యూగల్ పంపుతో క్లారిఫైయర్‌కు ఎక్కిస్తాం.

పాతఫిల్టరు
రెండు హత్యలు జరుగుతున్నాయి బాబూ. మొదటిది మిక్సరు దగ్గర. అంత వేగంగా రోజంతా తిప్పితే కోటి అణుభారపు గొలుసు ముక్కలవుతుంది. పొట్టి ముక్క వంతెన వేయలేదు. నీళ్లు సుడి తిరుగుతుండగా పొడిని సన్నగా చల్లాలి, లేకపోతే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది. తర్వాత నెమ్మదిగా ముప్పావు గంట నుంచి గంట తిప్పి ఆపేయాలి.

రెండోది పంపు దగ్గర. కట్టిన ఫ్లాక్‌ను పంపు రెక్కలు చీలుస్తున్నాయి. పీఏసీతో మాత్రమే కట్టిన ఫ్లాక్ చితికితే కొంతవరకు మళ్లీ కడుతుంది. పాలీ వంతెన తెగితే కట్టదు, తెగిన కొస తన కణం మీదే వాలిపోతుంది. పాలీని పంపు దాటాక వేయండి.

తార్నాక_ల్యాబు
దీనికి ఒక మాట కలుపుతాను. గొలుసు వాలిన మొదటి క్షణాల్లో ఇంకా ఉండలాగే, పైకి లేచి ఉంటుంది. సమయం గడిచేకొద్దీ మరిన్ని అతుకులు వేసుకుని ఉపరితలం మీద పరుచుకుపోతుంది. పక్క కణం ఆ లోపే ఎదురుపడాలి. అందుకే పాలీని సమంగా, చప్పున కలిపి, ఆ వెంటనే కణాలు మెల్లగా ఒకదానికొకటి తగిలేలా తిప్పాలి.

పచ్చదనం
శుద్ధి అయిన నీళ్లు ఫ్యాక్టరీ తోటకు పోస్తే ప్రమాదమా? అక్రిలమైడ్ విషమని చదివాను.

బీకరు
పాలీ వేరు, దాన్ని తయారుచేసే అక్రిలమైడ్ వేరు. పొడిలో మిగిలిపోయే కొద్దిపాటి అక్రిలమైడ్ గురించే జాగ్రత్త. తాగునీటిలో లీటరుకు 0.0005 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తాగునీటికి వాడే రకం పొడి వేరుగా అమ్ముతారు. తోట సంగతికి వస్తే, రంగుల ఫ్యాక్టరీ నీళ్లలో క్రిమిసంహారకాలు, కరిగిన లవణాలు కూడా ఉంటాయి. ఎన్‌టీయూ ఒక్కటి చూసి తోటకు పోయకండి.

గోడరంగు_కెమిస్టు
పీఏసీ మూడు రెట్లయింది కాబట్టి బురద కూడా పెరుగుతుంది. దాన్ని ఎండబెట్టి, తరలించే ఖర్చు లెక్కలోకి తీసుకోండి. నా సలహా, సిలికా రంగు చేసిన రోజు మొదటి కడుగు నీళ్లు డ్రమ్ముల్లో విడిగా పట్టండి. ఆ నీళ్లే తర్వాతి బ్యాచ్ తయారీకి వాడవచ్చు, రెండు రోజులకు మించి నిల్వ ఉంచకుండా. సిలికాలో ఎక్కువ భాగం ఆ మొదటి నీళ్లలోనే పోతుంది. మీ ఉత్పత్తి విభాగం ఒప్పుకుంటే మీ దగ్గరికి వచ్చేసరికి పాత నీళ్లే.

ఈటీపీ_షిఫ్టు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పాలీ పైపును పంపు దాటించి క్లారిఫైయర్ లోపలి మధ్య గొట్టం దగ్గర కలిపాను. మిక్సరుకు టైమరు పెట్టాం, గంట తర్వాత ఆగిపోతుంది. మొదటి రోజు 14, తర్వాత 9, ఈ రోజు పొద్దున 8 ఎన్‌టీయూ. ట్యాంకర్లు వెనక్కి రాలేదు. మొదటి కడుగు నీళ్లు విడిగా పట్టడానికి ఉత్పత్తి వాళ్లు ఒప్పుకున్నారు, నిన్న పట్టారు. ఆ నీళ్లు తీసేశాక పీఏసీ 500కే జార్ తేటపడింది.

రాత్రి షిఫ్టు కుర్రాడికి రెండు గ్లాసుల పరీక్ష నేర్పాను. నిన్న రాత్రి ఒంటిగంటకు ఫోను చేసి, పీఏసీ చుక్క వేసిన గ్లాసు తేటపడిందని చెప్పాడు. వెళ్లి చూస్తే పీఏసీ డోసింగ్ పంపు గొట్టంలో గాలి చేరింది.

పాతఫిల్టరు
ఆ గొట్టానికి వెనక్కి రాకుండా ఆపే వాల్వు మార్చండి. గాలి మళ్లీ చేరుతుంది.